పోలీసు ఠాణాకు నీలి చీటి

(ఒక గ్రామ పంచాయతీ ఆవరణలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో వరి విత్తనము పండించు రైతులు పలువురు ఉన్నారని సర్పంచిగారు ఇప్పుడే చెప్పినారు. కావున నేను చెప్పదలచిన సంగతిని మీ పొలము గట్టు మీదనుండియే ప్రారంభించెదను. ధ్రువీకరించిన విత్తనపు సంచికి నీలిరంగు చీటి ఒకటి కుట్టియుండును. ఆ చీటి ఎట్లు వచ్చునో మీకు నాకంటె బాగుగా తెలియును. పైరు పూతకు వచ్చినప్పుడు ధ్రువీకరణ సంస్థవారు పొలములోనికి దిగి చూతురు. ప్రక్క పొలమునకు తగినంత ఎడమున్నదా, కేళీలను ఏరివేసినారా అని పరీక్షింతురు. కోత అయిన పిదప నమూనాను ప్రయోగశాలకు పంపుదురు. 100 గింజలలో 80 అయినను మొలకెత్తనిచో వరి విత్తనమునకు ఆ చీటి రాదు. రైతు ఎంతటి పెద్దమనిషియైనను "ఇది మా ఇంటి విత్తనము, నా మాట నమ్ముడు" అనిన చాలదు. చీటి వచ్చిన పిదప గూడ దానికి 9 నెలల గడువు. గడువు దాటినచో మరల పరీక్ష చేయింపవలసినదే.

పోలీసు శాఖకు గూడ ఇట్టి చీటి ఉండవచ్చునా? ఉన్నచో ఠాణా మెట్లెక్కు సామాన్యునికి దానివలన కలుగు మేలేమి? ఇదియే నేటి విషయము. ఇంగ్లీషు మాటలో దీనిని అక్రిడిటేషన్ అందురు. ఈ మాట వినగానే మా శాఖవారు పత్రికా విలేఖరులకు ఇచ్చు కార్డు కొందరికి గుర్తుకు రావచ్చును. ఆ కార్డు కొరకు మా కార్యాలయము చుట్టు తిరుగువారి కథ మరియొక సభకు సరిపోవును. నేను చెప్పునది అది కాదు. ఒక వృత్తిలోని పని ఎట్లు జరుగవలెనో ముందుగా వ్రాసిపెట్టి, అట్లు జరుగుచున్నదో లేదో ఆ కార్యాలయమునకు సంబంధము లేనివారు వచ్చి, రుజువులు చూచి, గడువుతో కూడిన గుర్తింపు నిచ్చుట. దీనిని మనము ప్రామాణిక గుర్తింపు అనుకొందము.

పోలీసు పనికి ఈ పద్ధతిని విరివిగా వాడుచున్నది అమెరికా సంయుక్త రాష్ట్రములు. అచ్చట ఇది ఏల కావలసివచ్చినదో తెలిసికొన్నగాని మనకు దీని ప్రయోజనము బోధపడదు. మన రెండు తెలుగు రాష్ట్రములలో ఒక్కొక్క రాష్ట్రమునకు ఒక్కొక్క పోలీసు శాఖ. దానికి ఒక డైరెక్టరు జనరల్. అమెరికాలో అట్లు కాదు. ఊరికి ఊరు తన పోలీసులను తానే నియమించుకొనును. మన జిల్లావంటి కౌంటీలో షెరీఫు అను అధికారిని సాధారణముగా ప్రజలే ఓట్లు వేసి ఎన్నుకొందురు. ఈ విధముగా ఆ దేశమున సుమారు 18,000 పోలీసు సంస్థలు కలవు. స్థానిక పోలీసు శాఖలలో దాదాపు సగము పదిమందికన్న తక్కువ పోలీసులతో నడచుచున్నవి. ఒక ఊరి పోలీసు తుపాకి ఎప్పుడు తీయవలెనో వ్రాసియుండును. ప్రక్క ఊరిలో అట్టి వ్రాతయే ఉండదు.

1960 దశకములో ఆ దేశపు నగరములలో పెద్ద అల్లర్లు జరిగినవి. పోలీసుల ప్రవర్తనపై, ముఖ్యముగా నల్లజాతివారి యెడ వారి ప్రవర్తనపై, తీవ్రమైన విమర్శలు వచ్చినవి. అధ్యక్షుడు జాన్సన్ నియమించిన సంఘము 1967లో నివేదిక సమర్పించి, పోలీసుల ఎంపిక, శిక్షణ, ప్రజలతో మెలగు తీరు మారవలెనని చెప్పినది. తరువాత 1979లో నాలుగు వృత్తి సంఘములు కలిసి ఒక గుర్తింపు సంస్థను స్థాపించినవి. పోలీసు అధిపతుల సంఘము, షెరీఫుల సంఘము, నల్లజాతి పోలీసు అధికారుల సంఘము, పోలీసు పరిశోధన సంఘము అనునవి ఆ నాలుగు. సంస్థ పేరులోని ఇంగ్లీషు మాటల మొదటి అక్షరములను కూర్చి దానిని "కలియా" అని పిలుతురు. దాని పాలకవర్గమున 21 మంది. వారిలో 11 మంది పోలీసు వృత్తివారు, 10 మంది బయటివారు. 1984లో ఫ్లోరిడా రాష్ట్రములోని మౌంట్ డోరా అను చిన్న పట్టణపు పోలీసు శాఖ మొట్టమొదటి గుర్తింపు పొందినది. మహానగరముల కంటె ముందుగా ఒక చిన్న పట్టణము దీనిని సాధించుట నాకు ముచ్చటగా తోచినది.

గుర్తింపు కోరుట నిర్బంధము కాదు. కోరిన శాఖ రుసుము చెల్లించి, ఈ పనికొరకే ఒక ఉద్యోగిని ప్రత్యేకించును. పూర్తిస్థాయి గుర్తింపునకు 400కు పైగా ప్రమాణములు కలవు. మొదటి మెట్టుకు 200 లోపు. ఒక్కొక్క ప్రమాణమునకు రెండు విషయములు చూపవలెను. ఈ పనిని ఇట్లు చేయవలెనని శాఖ వ్రాతపూర్వకముగా ఆదేశించినదా అనునది మొదటిది. ఆ ఆదేశము ప్రకారము నిజముగా చేసినట్లు కాగితము, రిజిస్టరు, నివేదిక ఉన్నవా అనునది రెండవది. వ్రాత ఉండి రుజువు లేనిచో ప్రమాణము నెరవేరినట్లు కాదు. ఏటేటా కంప్యూటరు ద్వారా రుజువులను పరిశీలింతురు. నాలుగవ ఏట ఇతర ప్రాంతములనుండి పరిశీలకులు స్వయముగా వత్తురు. ప్రజలు తమ అభిప్రాయమును సూటిగా సంస్థకే తెలుపుటకు అవకాశమిత్తురు. తుదకు శాఖాధిపతి పాలకవర్గము ఎదుట నిలిచి ప్రశ్నలకు సమాధానము చెప్పవలెను. నాలుగేండ్ల తరువాత మరల పరీక్ష.

ఇంతవరకు చెప్పినది పొడిగా తోచవచ్చును. ఒక్క ప్రమాణమును తీసికొని కొంచెము నిదానముగా చూతము.

నేను ఉద్యోగములో చేరిన కొత్తలో మా మేనత్తగారి నానుతాడు దొంగలెత్తుకొనిపోయిరి. ఆ రోజులలో ఆమెకున్న బంగారమెల్ల అదియే. పోలీసులు శ్రమపడి నెల తిరుగకుండ దొంగలను పట్టినారు. నానుతాడు దొరికినది. పంచనామా వ్రాసి, తూకము వేసి, చీటి కట్టి జప్తు సరకుల గదిలో ఉంచినారు. మేమందరము సంతోషించితిమి. కేసు విచారణకు వచ్చుటకు నాలుగేండ్లు పట్టినది. ఈలోగా ఆ గది తాళపుచెవులు ముగ్గురు రైటర్ల చేతులు మారినవి. ఒకరు బదిలీపై పోవునప్పుడు, మరియొకరు వచ్చునప్పుడు గదిలోని సరకును ఎవరును లెక్కపెట్టి ఒప్పగించుకొనలేదు. కోర్టులో మూట విప్పి చూడగా చీటి లేదు. పంచనామాలో వ్రాసిన తూకమునకు, ఎదుటనున్న నగ తూకమునకు పొంతన లేదు. ముద్దాయిల వకీలు అడిగిన ప్రశ్నకు ఆనాడు బోనులో నిలిచిన కానిస్టేబులు ఏమి చెప్పగలడు? అతడు ఆ ఠాణాకు వచ్చి ఆరు నెలలే. కేసు కొట్టివేసినారు. మా అత్తగారికి నానుతాడు చేతికి వచ్చినది గాని, ఆ దొంగలు అదే వీధిలో ఆమె ఎదుటనే తిరుగుచుండిరి. దొంగను పట్టినవాడు సమర్థుడే. లంచగొండి యెవ్వడును కాడు. ఆ గదిని ఎట్లు కాపాడవలెనో పట్టించుకొన్నవారు లేకపోవుటయే లోపము.

ఇప్పుడు కలియా ప్రమాణమును వినుడు. జప్తు సరకుల గదిని దాని బాధ్యుడు ఆరు నెలలకొకసారి తనిఖీ చేయవలెను. బాధ్యుడు మారినప్పుడు క్రొత్తవానికి లెక్క చూపి ఒప్పగింపవలెను. ఏటికొకసారి ఆ గదితో నిత్యసంబంధము లేని పై అధికారి సరకును రిజిస్టరుతో సరిచూడవలెను. ఏటికొకసారియైన చెప్పకుండ వచ్చి తనిఖీ చేయవలెను. ఇందులో అర్థము కాని శాస్త్రము ఏమున్నది? రేషను డిపో నడుపువారికి, సహకార సంఘపు గోదాము చూచువారికి ఇది క్రొత్త మాట కాదు. అయినను పరిశీలకుడు వచ్చి "గత మార్పిడి నాటి లెక్క కాగితము చూపుడు" అని అడుగునను భయము లేనిచోట ఆ కాగితము వ్రాయబడదు. మా అత్తగారి కేసు నిలిచియుండుటకు ఆ ఒక్క కాగితము చాలియుండును.

ప్రజలు పోలీసులపై చేయు ఫిర్యాదులను గూర్చి గూడ ఇట్టి ప్రమాణములే కలవు. పేరు లేని ఫిర్యాదుతో సహా ప్రతి ఫిర్యాదును విచారింపవలెను. ఫిర్యాదు అందినదని, విచారణ ఎంతవరకు వచ్చినదని, ఫలితమేమని ఫిర్యాదుదారునికి తెలుపవలెను. ఏటేటా ఎన్ని ఫిర్యాదులు వచ్చినవో, ఏమైనవో ప్రజలకు అందుబాటులో ఉంచవలెను. తుపాకి కాల్చినను, బలప్రయోగమువలన ఎవరికైన దెబ్బ తగిలినను వ్రాతమూలకమైన నివేదిక ఉండవలెను. ఆ నివేదికలన్నిటిని ఏటికొకసారి చేర్చి పరిశీలింపవలెను. విడివిడిగా చూచినప్పుడు చిన్నదిగా కనబడు దోషము, ఒక్కచోట పరచి చూచిన ఫలానా వేళలో, ఫలానా ఉద్యోగి చేతిలో మాటిమాటికి జరుగుచున్నదని తెలియవచ్చును. తప్పు ముదిరి ప్రాణము మీదికి రాకముందే ఆ ఉద్యోగిని పిలిచి సరిదిద్దు ఏర్పాటును గూడ ఆ ప్రమాణములు కోరును.

ఈ పద్ధతికి పొగడ్తలే కాక విమర్శలును కలవు. వానిని దాచుట న్యాయము కాదు. ఖర్చు, కాగితముల పని చిన్న శాఖలకు మోయరాని బరువు. ఆ 18,000 సంస్థలలో కలియా గుర్తింపు పొందినవి చిన్న భాగము మాత్రమే. అందుచేత న్యూయార్కు వంటి కొన్ని రాష్ట్రములు తమ స్వంత గుర్తింపు పథకములను పెట్టుకొన్నవి. న్యూయార్కు పథకము 1989 నుండి నడచుచున్నది. గుర్తింపువలన నేరములు తగ్గినవా అను విషయమున పరిశోధకులకు ఏకాభిప్రాయము లేదు. గుర్తింపు పొందిన శాఖలలో సైతము దౌర్జన్యములు జరిగిన సందర్భములున్నవి. చీటి ఉన్న సంచిలో గూడ ఒకప్పుడు కేళీ గింజ దొరకుట మనమెరుగనిదా? అయినను అచ్చటి కొన్ని బీమా సంస్థలు గుర్తింపు పొందిన శాఖలున్న ఊళ్లకు ప్రీమియము తగ్గించుచున్నవి. డబ్బు లెక్క చూచుకొనువారు ఊరక తగ్గింపరు కదా. 2020 మే నెలలో మినియాపొలిస్ నగరమున జార్జి ఫ్లాయిడ్ అను నల్లజాతీయుడు పోలీసు మోకాలి క్రింద నలిగి మరణించిన పిదప, జూన్ నెలలో అమెరికా అధ్యక్షుని ఉత్తర్వు ఒకటి వెలువడినది. స్వతంత్ర సంస్థల ధ్రువీకరణను అది కేంద్రము ఇచ్చు కొన్ని నిధులకు ముడిపెట్టినది. అంతవరకు కోరినవారి ఇష్టముగా ఉన్న విషయము అప్పుడు దేశమంతటి చర్చకు వచ్చినది.

ఇక మన సంగతి. అమెరికాలో కొరతపడినది అందరికి ఒక్కటైన వ్రాత. మనకు వ్రాత కొరత లేదు. పోలీసు మాన్యువలు ఉన్నది; అది లావైన గ్రంథము. అరెస్టు చేయునప్పుడు మెమో వ్రాసి, కుటుంబ సభ్యునిచేత గాని ఆ ప్రాంతపు పెద్దమనిషిచేత గాని సాక్షి సంతకము చేయింపవలెనని సుప్రీంకోర్టు డి.కె. బసు కేసులో 1996లోనే చెప్పినది. పోలీసులపై ఫిర్యాదులు వినుటకు రాష్ట్రములలోను జిల్లాలలోను ప్రత్యేక సంస్థలు ఉండవలెనని 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో ఆదేశించినది. విచారణకు తగిన నేరము జరిగినదని ఫిర్యాదులో కనబడినచో ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేసి తీరవలెనని 2013లో లలితకుమారి కేసులో తీర్పు చెప్పినది. ఠాణాలలో సి.సి. కెమెరాలు ఉండవలెనని 2020లో చెప్పినది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత, సోదాలను, జప్తులను వీడియో తీయవలెనని నిర్దేశించినది. ఇన్ని వ్రాతలుండగా మనకు కొరవడినది ఏమి? బయటివాని చూపు.

మన ఠాణాలకు తనిఖీలు లేవని నేననుట లేదు. సర్కిల్ ఇన్‌స్పెక్టరు చూచును, డి.ఎస్.పి. చూచును, ఎస్.పి. గారు వత్తురు. అందరును ఆ ఇంటివారే. తనిఖీ తేదీ తెలిసిన వారమున గోడలకు సున్నము పడును, పూలకుండీలు వచ్చును, రిజిస్టర్లకు క్రొత్త అట్టలు పడును. ఇది పోలీసు శాఖకే పరిమితమైన జబ్బు కాదు. మా కార్యాలయమునకు పై అధికారి వచ్చునన్న నాడు మా గుమాస్తా కూడ ఫైళ్లకు క్రొత్త నాడాలు కట్టును. తనవారి పనిని తనవారే చూచుచోట మొగమోటము తప్పదు.

ఈ విషయమున మన దేశములో ఒక అడుగు పడినది. 2015 డిసెంబరులో కచ్ ప్రాంతమున జరిగిన పోలీసు డైరెక్టరు జనరళ్ల సమావేశములో ఠాణాలకు శ్రేణులు నిర్ణయింపవలెనని ప్రధానమంత్రి సూచించినారు. తదాదిగా కేంద్ర హోంశాఖ ఉత్తమ ఠాణాల జాబితాలను ప్రకటించుచు వచ్చినది. నేరముల లెక్కలతోపాటు, ఠాణాకు వచ్చు ప్రజల అభిప్రాయమునకు గూడ అందులో కొంత విలువ కలదు. 2017 జాబితాలో హైదరాబాదు పంజగుట్ట ఠాణా దేశమున రెండవ స్థానము పొందినది. కరీంనగర్ ప్రాంతపు చొప్పదండి 2019లోను, జమ్మికుంట 2020లోను మొదటి పదింటిలో నిలిచినవి. ఇవి మనకు గర్వకారణములు. మన కొన్ని ఠాణాలు ఐ.ఎస్.ఓ. 9001 పత్రములను గూడ పొందినవి. అవియు మంచివే గాని, ఆ ప్రమాణము కర్మాగారమునకును కార్యాలయమునకును ఒక్కటే. పోలీసు పనికొరకై వ్రాసినది కాదు.

శ్రేణి వేరు, గుర్తింపు వేరు. సంక్రాంతి ముగ్గుల పోటీలో ఎన్ని ముగ్గులు బాగున్నను మొదటి బహుమతి ఒక్కరికే. పదిమందిని పొగడినంతమాత్రమున పదునొకండవ ఇంటి వాకిలి ఊడ్చబడదు. 2020లో దేశములోని 16,671 ఠాణాలలో ఎన్నుకొన్నవి 10. మిగిలిన 16,661 ఠాణాల ముందు నిలిచిన మన సోదరుని గతి ఏమి? గుర్తింపు విత్తన పరీక్షవంటిది. ప్రమాణమునకు సరితూగిన సంచులన్నిటికి చీటి వచ్చును. తూగనిదానికి ఎంత దగ్గరగా వచ్చినను రాదు. కళాశాలలను పరీక్షించుటకు 1994లో నాక్ సంస్థ ఏర్పడినది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములకు జాతీయ నాణ్యతా ప్రమాణములు ఉన్నవి. పరిశీలకులు వచ్చి మందుల గదిని, కాన్పుల గదిని చూచి, రోగులతో మాట్లాడి మార్కులు వేయుచున్నారు. ఠాణాలోని జప్తు గదిని, లాకప్పును, ఫిర్యాదుల రిజిస్టరును గూడ అట్లే బయటివారు చూచు పద్ధతి రావలెనని నా కోరిక. ఇది ప్రభుత్వ నిర్ణయము కాదు. నా స్వంత అభిప్రాయము మాత్రమే అని స్పష్టము చేయుచున్నాను. వచ్చినచో గోడకు తగిలించు పటముగా మారకుండ, గడువు దాటగానే దింపివేయు చీటిగా ఉండవలెను.

ఇందువలన మొదట మేలు పొందువారు నిజాయితీగల పోలీసులే అని గూడ చెప్పుట అవసరము. రాత్రి గస్తీ తిరిగి, పండుగనాడు బందోబస్తులో నిలిచి, నెలల తరబడి సెలవు ఎరుగని కానిస్టేబులుకు తాను చేసిన పనికి రుజువు మిగులుటకంటె గొప్ప రక్ష లేదు. పై నుండి అక్రమమైన ఒత్తిడి వచ్చినప్పుడు "వ్రాసినది ఇట్లున్నదండీ, రేపు పరిశీలకునికి చూపవలెను" అని వినయముగా తప్పించుకొనుటకు వానికి ఆధారముండును.

అట్టి పద్ధతి వచ్చువరకు మీరు చేయదగిన పనులు కొన్ని కలవు. ఫిర్యాదు ఇచ్చినప్పుడు ఎఫ్.ఐ.ఆర్. ప్రతిని ఉచితముగా పొందుట మీ హక్కు. నేరము ఏ ఠాణా పరిధిలో జరిగినను మీకు అందుబాటులోనున్న ఠాణాలో ఫిర్యాదు ఇయ్యవచ్చును. దర్యాప్తు ఎంతవరకు వచ్చినదో 90 దినములలోపల మీకు తెలుపవలసిన బాధ్యత పోలీసులది. పోయిన వస్తువు దొరికి జప్తు చేసినప్పుడు పంచనామాలో వ్రాసిన గుర్తులు, తూకము, మోటారైనచో నంబరు సరిగా ఉన్నవో లేదో చదివించుకొని వినుడు. మీ వద్దనున్న రసీదులను పారవేయకుడు. ఠాణాలో ఫిర్యాదు తీసికొననిచో విషయమును కాగితముపై వ్రాసి తపాలాలో జిల్లా పోలీసు సూపరింటెండెంటుగారికి పంపవచ్చును. అప్పటికిని పని కానిచో మేజిస్ట్రేటుగారికి దరఖాస్తు పెట్టుకొనవచ్చును. సూపరింటెండెంటుగారి కార్యాలయపు చిరునామాను పంచాయతీ గోడపై పెద్ద అక్షరములతో వ్రాయించెదమని సర్పంచిగారు ఇందాకనే మాట ఇచ్చినారు. సున్నము, రంగు తెప్పించు భారము మా శాఖ తరపున నేను తీసికొనుచున్నాను.